జీపు ఒక పక్కకు ఒరిగితే సరిచేయడం ఎలా?

వానలు తగ్గి కొండ దారులు మళ్లీ నడవడం మొదలవగానే ఒడిశా రాయగడలోని మా షెడ్డుకు వచ్చేవారు ఏటా అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "బండి ఎడమ పక్కకు ఒరిగినట్టుంది, కమాన్ కట్టలు మార్చేయమంటారా?" కమాన్ కట్ట అంటే బండి బరువును మోసే ఉక్కు పట్టీల కట్ట, లీఫ్ స్ప్రింగు. గుణుపురం, బిస్సంకటక్, కాశీపూర్ వైపు నుంచి వచ్చేవారూ ఇదే అడుగుతారు, కొరాపుట్ దాటి దేవ్‌మాలీ కొండ ఎక్కి వచ్చినవారూ ఇదే అడుగుతారు. నోటితో చెప్పిన జవాబు ఇంటికి చేరేసరికి సగం మరుపుకు వస్తుంది కనుక, మీరు మీ ఇంటి ముందే చేసుకోగలిగిన పద్ధతిని మొదటి నుంచి చివరి దాకా ఇక్కడ రాస్తున్నాను. ఇందులో నేను గట్టిగా పట్టుబట్టేది ఒకే విషయం: కొలతలు తీసి కాగితం మీద రాసుకునే దాకా ఒక్క బోల్టు కూడా విప్పకండి. మా దగ్గరకు వచ్చిన బండ్లలో చాలావాటికి కొత్త కట్టలు అక్కర్లేకపోయింది.

ఇక్కడ చెప్పేది చిన్న ఒరుగు గురించి మాత్రమే. కుడి ఎడమల మధ్య తేడా 10 మిల్లీమీటర్ల లోపు ఉంటే నేను దాన్ని ముట్టుకోను, ఎందుకంటే కొత్త బండిలో కూడా అంత తేడా కనిపించడం మామూలే. 10 నుంచి 25 మిల్లీమీటర్ల వరకు ఉన్న తేడాకు ఈ పద్ధతి సరిపోతుంది. తేడా 25 దాటినా, రాత్రికి రాత్రే బండి కుంగినా, ఈ మధ్య బోల్తా పడి ఉన్నా, ఛాసిస్ (బండి కింది ఇనుప చట్రం) మీద పగులు గానీ, కమాన్ కట్టలో విరిగిన పట్టీ గానీ కంటికి కనిపించినా, ఈ పని మీరు మొదలుపెట్టవద్దు, ఆ బండిని ఘాట్ రోడ్డు ఎక్కించవద్దు.

మన దారుల్లో ఎక్కువగా ఎడమ పక్కే కుంగడానికి కారణాలు ఉన్నాయి. ఒంటి వరుస రోడ్డు మీద ఎదురుగా బస్సు వచ్చిన ప్రతిసారీ ఎడమ చక్రాలు తారు దిగి మట్టిలో పడతాయి, మళ్లీ ఎక్కేటప్పుడు దెబ్బ తింటాయి. చాటికోన బుధవారం సంత నుంచి తిరిగి వచ్చే బండ్లలో పసుపు, అల్లం బస్తాలు రోడ్డు పక్క నుంచి ఎక్కిస్తారు కనుక ఎడమ వైపే పేరుకుంటాయి, ఆపైన ఫుట్‌బోర్డు మీద నిలబడేవారు కూడా ఆ పక్కనే ఉంటారు. దీనికి తోడు ఎర్రమట్టి బురద షాకిల్ (కమాన్ కట్ట కొసను ఛాసిస్‌కు తగిలించే ఊగే ముక్క) సందుల్లో చేరి ఎండకు సిమెంటులా గట్టిపడుతుంది.

మీ బండి కింద ఏముందో ముందు తెలుసుకోండి

ఎంఎం 540 వంటి పాత మహీంద్రా జీపులకూ, మారుతి జిప్సీకీ నాలుగు చక్రాల దగ్గరా కమాన్ కట్టలే ఉంటాయి. పాత థార్ సీఆర్‌డీఈలో ముందు టార్షన్ బార్లు (మెలి తిరిగి స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీలు), వెనక కమాన్ కట్టలు ఉంటాయి. బొలేరోకు ముందు కాయిల్ (చుట్ట) స్ప్రింగులు, వెనక కమాన్ కట్టలు. 2020లో వచ్చిన కొత్త థార్‌కు నాలుగు వైపులా కాయిల్ స్ప్రింగులే అయినా ముందు చక్రాలు విష్‌బోన్ చేతుల (ఛాసిస్ నుంచి చక్రానికి వెళ్లే కీలు కడ్డీల) మీద విడివిడిగా ఆడతాయి, వెనక మాత్రం రెండు చక్రాలకూ కలిపి ఒకే గట్టి హౌసింగ్ (ఇరుసు గొట్టం) ఉంటుంది. జిమ్నీకి ముందూ వెనకా గట్టి హౌసింగే, నాలుగూ కాయిల్ స్ప్రింగులే. ఈ తేడా పదో అంచెలో పనికొస్తుంది.

కావలసినవి

స్టీలు టేపు, గాలి కొలిచే గేజి, సుద్దముక్క లేదా పెయింటు మార్కరు, ఒక నోటుపుస్తకం కావాలి. ఇల్లు కట్టే మేస్త్రీలు వాడే నీళ్ల మట్టం గొట్టం 6 మీటర్లది అడిగి తెచ్చుకోండి, అది లేకపోతే పొడవాటి తిన్నని చెక్క మీద రసమట్టం పెట్టి పని నడిపించవచ్చు. ట్రాలీ జాకీ ఒకటి, బరువు మోయగల జాకీ స్టాండ్లు రెండు, చక్రాలకు అడ్డు పెట్టే చెక్కలు నాలుగు, తీగ బ్రష్షు, తుప్పు వదిలించే నూనె, గ్రీజు గన్ను, మీ బండి బోల్టులకు సరిపడే పానాలు కావాలి. టార్క్ పానా (ఎంత బలంతో బిగించామో చూపే పానా) ఉంటే మంచిది, లేకపోతే చివరి బిగింపు పని షాపులో చేయించండి. 25 కిలోల బియ్యం బస్తాలు మూడు కూడా అవసరం. అవి ఎందుకో మొదటి అంచెలోనే తెలుస్తుంది.

ఒక హెచ్చరిక ముందే చెప్పాలి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందికి తల గానీ చెయ్యి గానీ పెట్టవద్దు. జాకీ స్టాండ్ల బదులు ఇటుకలు పేర్చడం మన పల్లెల్లో అలవాటుగా ఉంది. ఇటుక పగిలేటప్పుడు ముందుగా ఏ సూచనా ఇవ్వదు, ఒక్కసారిగా పొడి అయిపోతుంది.

1. బరువును సమం చేయండి

బండిలోని సామాను అంతా దించండి. డ్రైవరు సీటు కింద పెట్టిన గొలుసులు, ఒక పక్కకు కట్టిన నీళ్ల డబ్బా, పనిముట్ల పెట్టె ఏవీ వదలకండి. ఇంధనం సగం ట్యాంకు ఉండేలా చూసుకోండి, ట్యాంకు బండికి ఏ పక్కన ఉందో రాసుకోండి. 60 లీటర్ల డీజిల్ దాదాపు 50 కిలోలు తూగుతుంది, అంత బరువు ఒక పక్కన ఉంటే మెత్తని స్ప్రింగు కొన్ని మిల్లీమీటర్లు దిగిపోతుంది.

తరవాత మూడు బియ్యం బస్తాలూ డ్రైవరు సీటులో పెట్టండి. ఖాళీ బండిని చక్కగా మట్టం చేసి, డ్రైవరు కూర్చోగానే కుడి పక్కకు ఒరిగిందని మళ్లీ వచ్చినవారు మా దగ్గర చాలామంది ఉన్నారు. బండి ఎప్పుడూ ఒక మనిషితో నడుస్తుంది కనుక ఆ మనిషి బరువుతోనే కొలవాలి.

సామాను దించగానే ఒరుగు పోయిందంటే మీ పని అయిపోయినట్టే. సామాను సర్దే పద్ధతి మార్చుకోండి, స్ప్రింగులను వదిలేయండి.

2. నాలుగు టైర్లను చూడండి

నాలుగింటిలోనూ బండి పుస్తకంలో చెప్పినంత గాలి పెట్టండి, కుడి ఎడమలకు ఒక్క పాయింటు కూడా తేడా ఉండకూడదు. టైరు గాడి లోతును కూడా కొలవండి. పంచరు పడిన ఒక్క టైరు మార్చి స్టెప్నీ వేసి నడిపేవారి బండిలో ఒక పక్క కొత్త టైరు గాడి 9 మిల్లీమీటర్లు, ఇంకో పక్క అరిగిన టైరు గాడి 3 మిల్లీమీటర్లు ఉండవచ్చు, అంటే ఆ 6 మిల్లీమీటర్ల తేడా స్ప్రింగుకు ఏమాత్రం సంబంధం లేనిది.

3. నేలను కొలవండి

చాలామంది దాటేసే అంచె ఇదే. నా సొంత జీపు వెనక ఎడమ మూల కుంగిందని నేను ఒక వారం రోజులు బుష్షులు (కట్ట కొసల్లో పిన్ను చుట్టూ ఉండే గొట్టాలు) విప్పి చూసుకున్నాను. ఆ తరవాత మేస్త్రీ దగ్గర గొట్టం తెచ్చి పట్టి చూస్తే, నీళ్లు పారడానికని షెడ్డు గచ్చును ఒక మూలకు దింపి వేశారని తేలింది. అప్పటి నుంచి గొట్టం పట్టకుండా నేను ఏ బండినీ కొలవలేదు.

నాలుగు చక్రాలు నిలిచే చోట్ల సుద్దతో గుర్తు పెట్టండి. గొట్టంలో గాలి బుడగ లేకుండా నీళ్లు నింపి, ఒక గుర్తును ఆధారంగా పెట్టుకుని మిగతా మూడూ ఎంత పైన, ఎంత కింద ఉన్నాయో రాయండి. నేల అంతా ఒకే వాటంగా కొద్దిగా వాలి ఉండడం వల్ల జరిగే నష్టం తక్కువ. ఒక్క చక్రం కింద గుంట ఉండడమే ఎక్కువ మోసం చేస్తుంది. ఒక చక్రం 20 మిల్లీమీటర్ల గుంటలో ఉంటే బండి మెలితిరిగి, ముందు ఒక పక్కకు, వెనక దానికి ఎదురు పక్కకు సుమారు 10 మిల్లీమీటర్ల తేడా చూపిస్తుంది. తక్కువగా ఉన్న గుర్తు మీద కడప బండ ముక్కలో, ప్లైవుడ్ ముక్కలో వేసి నాలుగింటినీ 3 మిల్లీమీటర్ల లోపు సమం చేయండి.

4. బండిని కుదుటపరచండి

బండిని ఆ గుర్తుల మీదికి తిన్నగా నడిపించి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా రెండు మూడు సార్లు ముందుకూ వెనక్కూ ఒక మీటరు చొప్పున దొర్లించి ఆపండి. తరవాత ముందు బంపరును, వెనక బంపరును నాలుగేసి సార్లు గట్టిగా నొక్కి వదలండి. జాకీ దించిన వెంటనే కొలిస్తే చక్రాలు లోపలికి ముడుచుకుని ఉండి బండి అసలు ఎత్తు కంటే పైన నిలుస్తుంది, ఆ కొలత దేనికీ పనికిరాదు. బండి కుదిరాక చక్రాలకు చెక్కలు అడ్డు పెట్టండి.

5. మూడు రకాల కొలతలు తీయండి

ప్రతి చక్రం దగ్గరా హబ్ (చక్రం నడిమి భాగం) మధ్య నుంచి నిట్టనిలువుగా మడ్‌గార్డు అంచు వరకు ఒక కొలత, హబ్ మధ్య నుంచి ఛాసిస్ పట్టీ కింది అంచు వరకు ఒక కొలత, నేల నుంచి మడ్‌గార్డు అంచు వరకు ఒక కొలత తీసుకోండి. ఛాసిస్ కొలతను కుడి ఎడమల్లో ఒకే బోల్టు రంధ్రం దగ్గర తీయాలి. ప్రతి కొలతనూ రెండుసార్లు తీసి, తేడా వస్తే మూడోసారి తీయండి.

మడ్‌గార్డు ఒక్కదాన్నే నమ్మడం పెద్ద పొరపాటు. ఎప్పుడో గుద్దుకుని దిద్దించిన మడ్‌గార్డు 10 మిల్లీమీటర్లు పైకో కిందికో కూర్చుని ఉండవచ్చు. ఛాసిస్ కొలతలు రెండు పక్కలా సమంగా ఉండి మడ్‌గార్డు కొలతల్లోనే తేడా ఉంటే, బాడీకీ ఛాసిస్‌కూ మధ్య ఉండే రబ్బర్లు నలిగిపోయి ఉంటాయి, లేదా రేకు పనిలో తేడా ఉంటుంది. ఈ రెంటికీ స్ప్రింగుతో పనిలేదు. హబ్ కొలతల్లో తేడా లేకుండా నేల నుంచి తీసిన కొలతలోనే తేడా ఉంటే రెండో అంచెకు వెనక్కి వెళ్లి టైర్లు చూడండి.

6. బండిని తిప్పి మళ్లీ కొలవండి

అవే గుర్తుల మీద బండి ముఖాన్ని ఎదురు దిక్కుకు తిప్పి నిలిపి, నాలుగు, ఐదు అంచెలను మళ్లీ చేయండి. ఒరుగు బండితో పాటు తిరిగితే లోపం బండిది, ఒరుగు నేలతోనే ఉండిపోతే లోపం నేలది. రెండు కొలతల సగటును మీ అసలు కొలతగా తీసుకోండి.

పుస్తకంలో లెక్క ఇలా ఉండాలి. హబ్ నుంచి మడ్‌గార్డుకు ముందు ఎడమ 488, ముందు కుడి 500. వెనక ఎడమ 506, వెనక కుడి 524. అంటే ముందు 12, వెనక 18 మిల్లీమీటర్లు ఎడమకు ఒరిగింది. ఈ అంకెలు చూసి వెనక కట్టే కుంగిందని నిర్ణయించేయకండి. ఛాసిస్ గట్టిది కనుక ఒక మూల దిగితే బండి మొత్తం ఆ పక్కకే ఒరుగుతుంది, ముందూ వెనకా రెండు చోట్లా తేడా కనిపిస్తుంది. అసలు లోపం ఏ కొసన ఉందో తెలియాలంటే తరవాతి అంచె చేయాల్సిందే.

7. లోపం ముందుందా, వెనక ఉందా?

ముందుగా వెనక చక్రాలకు రెండు వైపులా చెక్కలు గట్టిగా అడ్డు పెట్టండి. ముందున్న అడ్డ ఛాసిస్ పట్టీ మధ్య బిందువును టేపుతో కొలిచి సుద్దతో గుర్తు పెట్టి, జాకీ మీద ఒక చెక్క ముక్క వేసి, సరిగ్గా ఆ గుర్తు కింద ఎత్తండి. ముందు చక్రాలు రెండూ నేల నుంచి ఒక వేలెడు ఎడంగా లేచాక ఆపండి. ఛాసిస్ పట్టీలకు 30 మిల్లీమీటర్ల కిందుగా రెండు పక్కలా జాకీ స్టాండ్లు పెట్టండి, అవి ఛాసిస్‌కు తగలకూడదు కానీ జాకీ జారితే బండిని పట్టుకోవాలి. బండి కిందికి వెళ్లే అవసరం ఈ అంచెలో లేదు, వెళ్లకండి.

ఇప్పుడు బండి ముందు ఒక్క బిందువు మీద, వెనక రెండు స్ప్రింగుల మీద నిలబడి ఉంది. వెనక హబ్ కొలతలు తీయండి. తేడా అలాగే ఉన్నా, ఇంకా పెరిగినా లోపం వెనక ఉంది. వెనక సమంగా నిలిస్తే లోపం ముందుంది. తరవాత బండిని దించి, కుదుటపరచి, వెనక అడ్డ పట్టీ మధ్యలో జాకీ పెట్టి ఇదే పనిని తిరగేసి చేయండి. హ్యాండ్‌బ్రేకు చాలా బండ్లలో వెనక చక్రాలనే పడుతుంది కనుక, వెనక భాగం లేపేటప్పుడు బండిని ఆపేది ముందు చక్రాలకు పెట్టిన చెక్కలేనని గుర్తుంచుకోండి. రెండు పరీక్షల్లోనూ రెండు కొసలా ఒకే పక్కకు ఒరుగు మిగిలితే బరువు ఒక పక్కన ఎక్కువగా ఉందని, లేదా ఛాసిస్ మెలిక పడిందని అనుమానించాలి.

జాకీని హౌసింగ్ గుండు (గేర్లు ఉండే ఉబ్బెత్తు భాగం, డిఫరెన్షియల్) కింద పెట్టవద్దు. జీపుల ముందు హౌసింగ్‌లో ఆ గుండు మధ్యలో ఉండదు, ఒక పక్కకు ఉంటుంది, దాంతో పరీక్షే తప్పు జవాబు ఇస్తుంది.

8. ఖర్చు లేని కారణాలను తీసేయండి

లోపం ఉన్న కొసన ముందు కంటితో, తరవాత తీగ బ్రష్షుతో వెతకండి. కమాన్ కట్ట ఉంటే మట్టి అంతా కడిగి, ప్రతి పట్టీ అంచునూ వేలితో తడమండి. విరిగిన పట్టీ చాలాసార్లు కట్టను హౌసింగ్‌కు బిగించే యూ బోల్టుల కింద, పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి పట్టే సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరుగుతుంది, పైకి కనిపించదు, తుప్పు గీతలా మాత్రం ఉంటుంది. సెంటర్ బోల్టు తెగితే హౌసింగ్ ఒక పక్క వెనక్కి జరుగుతుంది. ముందు హబ్ నుంచి వెనక హబ్ వరకు రెండు పక్కలా కొలిచి చూస్తే అది బయటపడుతుంది.

షాకిల్‌ను బాగా చూడండి. గుణుపురం వైపు నుంచి వచ్చిన ఒక పాత జీపు వెనక ఎడమ పక్క 22 మిల్లీమీటర్లు తక్కువగా ఉంది. వారు అప్పటికే వేరే చోట రెండు వెనక కట్టలూ కొత్తవి వేయించుకున్నారు, అయినా ఒరుగు అలాగే ఉంది. మేము షాకిల్ పిన్ను విప్పబోతే అది కదల్లేదు. రాత్రంతా నూనెలో నాననిచ్చి పొద్దున్న సుత్తితో కొడితే బయటికి వచ్చింది, దానితో పాటు కుంకుమ లాంటి తుప్పు పొడి గుప్పెడు రాలింది. పిన్ను ఒక పక్క నెలవంకలా అరిగిపోయి ఉంది, గ్రీజు వెళ్లే రంధ్రం ఎర్రమట్టితో పూడిపోయింది. కొత్త పిన్ను, కొత్త బుష్షు వేసి గ్రీజు పట్టిస్తే తేడా 6 మిల్లీమీటర్లకు దిగింది. ఆ కుటుంబం కట్టలకు పెట్టిన డబ్బు నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఒక గంట సేపు కొలిచి చూస్తే ఆ ఖర్చు తప్పేది.

కాయిల్ స్ప్రింగు ఉంటే దాని చివర కింది గిన్నెలో ఉన్న మెట్టుకు ఆని కూర్చుందో లేదో చూడండి. స్ప్రింగు తిరిగి ఆ మెట్టు ఎక్కి కూర్చుంటే ఆ మూల లేస్తుంది, మనకు ఎదురు మూల కుంగినట్టు కనిపిస్తుంది. పైనా కిందా ఉండే రబ్బరు వాషర్లు రెండు పక్కలా ఉన్నాయో లేదో చూడండి. స్ప్రింగులు ఎప్పుడైనా విప్పిన బండిలో ఒక పక్క రబ్బరు లేకపోవడం నేను చాలాసార్లు చూశాను.

యాంటీరోల్ బార్ (మలుపుల్లో బండి ఒరగకుండా కుడి ఎడమ చక్రాలను కలిపే కడ్డీ) ఉన్న బండిలో దాని లింకు ఒకటి విప్పి, బోల్టును చేత్తో వెనక్కి పెట్టి చూడండి. బండి తన బరువు మీద మట్టంగా నిలబడి ఉన్నప్పుడు ఆ బోల్టు కొట్టకుండానే దూరాలి. దూరకపోతే లింకుల పొడవుల్లో తేడా ఉంది, లేదా బారు వంగింది, అదే బండిని ఒక పక్కకు లాగుతోంది.

షాక్ అబ్జార్బర్లు మార్చడం ఇక్కడ జరిగే మరో తప్పు ఖర్చు. గ్యాస్ నింపిన వాటిలో కొద్దిపాటి తోపుడు ఉన్నా, బండి బరువును మోసేవి అవి కావు. నూనె కారితే మార్చండి, ఒరుగు పోతుందని మాత్రం మార్చకండి.

9. బుష్షులను బండి బరువు మీద బిగించండి

రబ్బరు బుష్షు ఉన్న బోల్టును చక్రం గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, బండి దిగాక ఆ రబ్బరు మెలితిరిగి ఉండి స్ప్రింగులా తోస్తూనే ఉంటుంది. కట్టలు కొత్తగా వేయించాక మొదలైన ఒరుగుకు చాలాసార్లు ఇదే కారణం.

బండి నాలుగు చక్రాల మీద నిలబడి ఉండగా కట్టల రెండు కొసల బోల్టులను, కాయిల్ బండి అయితే చక్రాలను పట్టి ఉంచే చేతుల (ఆర్మ్‌ల) బోల్టులను ఒక చుట్టు వరకే వదులు చేయండి, బయటికి తీయకండి. బండిని చేత్తో తోసి ముందుకూ వెనక్కూ దొర్లించండి, నొక్కి వదలండి, అలా వదులు బోల్టులతో ఇంజను వేసి నడపకండి. కుదిరాక అక్కడే బిగించి మళ్లీ కొలవండి. తేడా 10 లోపు వచ్చిందంటే ఇక్కడితో ఆగండి.

10. ఇంకా మిగిలితే స్ప్రింగుల పక్కలు మార్చి చూసి, తరవాత దిద్దండి

లోపం ఉన్న కొసన కుడి స్ప్రింగును ఎడమకు, ఎడమ స్ప్రింగును కుడికి వేయండి. ఒరుగు పక్క మారితే స్ప్రింగే అలసిందని తేలినట్టు, మారకపోతే స్ప్రింగు తప్పు కాదు. కట్టలను మార్చేటప్పుడు ముందు కొస ముందే ఉండాలి, సెంటర్ బోల్టు కొన్ని కట్టల్లో నడిమధ్య ఉండదు. కొన్ని మోడళ్లలో కుడి ఎడమ స్ప్రింగులు తయారీలోనే వేరుగా వస్తాయి కనుక పెయింటు గుర్తులు, పార్టు నంబర్లు ముందే చూసుకోండి. టార్షన్ బార్లను మాత్రం ఎప్పుడూ పక్కలు మార్చవద్దు, అవి ఒక దిక్కుకు మెలి తిప్పి తయారైనవి. కాయిల్ స్ప్రింగును నొక్కి పట్టే పనిముట్టు వాడడం అలవాటు లేకపోతే ఆ పని షాపుకే వదిలేయండి, జారిన స్ప్రింగు ప్రాణం తీస్తుంది.

కమాన్ కట్ట అలసిందని తేలితే రెండు పక్కల కట్టలనూ కలిపి కమాన్ షాపుకు ఇవ్వండి. లారీలకు పేరుపడిన సాలూరు సుంకి ఘాట్ దిగగానే ఉంది, అక్కడ రోజూ ఈ పనే చేసేవారు ఉన్నారు. పట్టీలను చల్లగానే కొట్టి వంపు తెప్పించమని అడగండి. గ్యాస్ మంటతో ఎర్రగా కాల్చి వంచిన పట్టీ పదును పోగొట్టుకుని త్వరలోనే మళ్లీ దిగుతుంది, లేదా ఘాట్ మలుపులో విరుగుతుంది. చల్లగా తెప్పించిన వంపు కూడా కొంత వెనక్కి పోతుంది కనుక బాగా పాతబడిన కట్ట అయితే జతగా కొత్తవి వేయడమే నయం. ఒక్క పక్కకే అదనపు పట్టీ వేయించకండి, ఎత్తు సమమైనా గట్టితనంలో తేడా వచ్చి గతుకుల మీద బండి ఒక పక్కకు ఎగురుతుంది.

10 నుంచి 15 మిల్లీమీటర్ల తేడాకు వెనక హౌసింగ్ దగ్గర 5 లేదా 6 మిల్లీమీటర్ల ఉక్కు పలక వేయవచ్చు. పలక కట్ట వెడల్పే ఉండాలి, సెంటర్ బోల్టు తల దూరే రంధ్రం ఉండాలి, యూ బోల్టులు కొత్తవి, తగినంత పొడవువి కావాలి. చెక్క, రబ్బరు ముక్కలు పెట్టవద్దు. ముందు హౌసింగ్‌కు ఈ పద్ధతి వాడవద్దు, బ్రేకు వేసినప్పుడు అక్కడ పడే మెలిక ఎక్కువ.

పలక ఏ పక్కన వేయాలో చాలామంది తప్పు చేస్తారు. కట్ట హౌసింగ్ మీద కూర్చున్న బండిలో మధ్యన పలక వేస్తే ఆ పక్క లేస్తుంది. పాత జీపుల్లో, జిప్సీలో కట్ట హౌసింగ్ కింద ఉంటుంది. అక్కడ మధ్యన పలక వేస్తే కట్ట ఇంకా కిందికి జరిగి ఆ పక్క దిగుతుంది, కనుక ఆ బండ్లలో పలక ఎత్తుగా ఉన్న పక్కకు వేయాలి. వేసే ముందు బండి కిందికి టార్చి పెట్టి కట్ట ఎక్కడ ఉందో చూసుకోండి.

కాయిల్ స్ప్రింగుకు పైన వేసే స్పేసరు (ఎత్తు పెంచే వాషరు) 5 మిల్లీమీటర్లతో మొదలుపెట్టండి. గట్టి హౌసింగ్ మీద స్ప్రింగులు చక్రాల కంటే లోపలికి ఉంటాయి కనుక మడ్‌గార్డు దగ్గర కదలిక స్పేసరు మందం కంటే కొంచెం ఎక్కువే రావచ్చు, అయితే ఎదురు కొసన ఉన్న స్ప్రింగులు ఆ కదలికను కొంత వెనక్కి లాగుతాయి. విష్‌బోన్ చేతుల మీద కూర్చున్న స్ప్రింగు అయితే చక్రం దగ్గర ఆ మందానికి దాదాపు రెట్టింపు కదలిక వస్తుంది. 10 మిల్లీమీటర్ల ఒరుగుకు 10 మిల్లీమీటర్ల స్పేసరు వేసి, బండిని రెండో పక్కకు ఒరిగించి తెచ్చినవారు ఉన్నారు.

టార్షన్ బారు అయితే సర్దుబాటు బోల్టు ఉంటుంది. బోల్టు ఉన్న చోటును పెయింటుతో గుర్తు పెట్టి, ముందు భాగాన్ని ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, బారు మీద బరువు తీసేశాకే తిప్పండి. బరువు మీద తిప్పితే మరలు చెడిపోతాయి. ఒక చుట్టు తిప్పి, దించి, కుదుటపరచి, ఎంత లేచిందో మీ బండి మీదే కొలిచి రాసుకోండి. తక్కువ పక్కను సగం ఎత్తి, ఎక్కువ పక్కను సగం దించితే సగటు ఎత్తు మారదు, ముందు షాఫ్టుల వంపూ పెరగదు.

11. ఫలితాన్ని సరిచూడండి

పని అయిన వెంటనే మూడు నుంచి ఆరు అంచెల వరకు మళ్లీ చేయండి: అవే గుర్తులు, అవే బస్తాలు, అంతే ఇంధనం. తేడా 10 లోపు ఉంటే చాలు, సున్నా కోసం వెంటపడకండి.

తరవాత ఒక చక్రాన్ని అడుగు ఎత్తు దిబ్బ మీదికి నెమ్మదిగా ఎక్కించి, టైరు ఎక్కడైనా రాసుకుంటోందా, వేలాడుతున్న చక్రం దగ్గర బ్రేకు గొట్టం బిగుసుకుంటోందా చూడండి. నాలుగు మూలలకూ ఇదే చేయండి. ముందు భాగం ఎత్తు మారితే వీల్ అలైన్‌మెంట్ తప్పనిసరి. హెడ్‌లైట్లను రాత్రి గోడకు ఎదురుగా 5 మీటర్ల దూరంలో వేసి రెండు వెలుగులూ ఒకే ఎత్తున పడుతున్నాయో చూడండి. కొన్ని బండ్లలో వెనక హౌసింగ్ నుంచి ఛాసిస్‌కు ఒక కడ్డీ ఉంటుంది, బరువును బట్టి వెనక బ్రేకు బలాన్ని మార్చే వాల్వు అది. వెనక ఎత్తు మారాక దాన్ని కూడా సరిచేయించండి, లేకపోతే లక్ష్మీపూర్ ఘాట్ తడి రోడ్డు మీద దిగేటప్పుడు వెనక చక్రాలు ముందే బిగుసుకోవచ్చు.

యూ బోల్టులను ఎదురెదురు మూలల వరసలో బిగించండి, 100 కిలోమీటర్లు నడిచాక మళ్లీ బిగించండి. పట్టీలు ఒకదాని మీద ఒకటి కుదురుకుని మొదటి బిగింపు వదులవుతుంది. 100 కిలోమీటర్ల దగ్గర ఒకసారి, 1000 కిలోమీటర్ల దగ్గర ఒకసారి కొలతలు తీసి పుస్తకంలో పాత అంకెల పక్కనే రాయండి. కొత్త కట్టలు వేసినప్పుడు రెండు పక్కలా సమానంగా 5 నుంచి 10 మిల్లీమీటర్లు దిగితే కంగారు పడనక్కర్లేదు. ఒక్క పక్కే దిగుతూ పోతుంటే మాత్రం ఎనిమిదో అంచెకు వెళ్లి, షాకిల్ పిన్ను దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టండి.